వానలు పట్టుకునేలోపు డెక్ కింద ఒకసారి వంగి చూడండి

మా ఇల్లు తిరుచానూరు వైపు. ముందు రోడ్డు వేసిన ప్రతిసారీ కాస్త ఎత్తు పెరుగుతూ పోయింది, పెరడు పల్లంలో పడింది. వెనక వాకిలి దాటితే బురదలో కాలు పెట్టాల్సి వస్తోందని ఇనుప కాళ్ల మీద నాలుగడుగుల ఎత్తున డెక్ వేయించాం. మా అవ్వ దాన్ని డెక్ అనదు, మంచె అంటుంది. పైన కుర్చీలు, బట్టల దండెం. కింద ఆర్నెల్ల పాటు ఖాళీ. తర్వాత మిగిలిన టైల్స్ పెట్టె వచ్చి చేరింది. దానికి తోడుగా సగం వాడిన సిమెంటు మూట, పాత టేబుల్ ఫ్యాన్, కొబ్బరి మట్టలు... ‘ఎప్పుడైనా పనికొస్తాయి’ అన్నవన్నీ అక్కడికే.

2021 నవంబరులో స్వర్ణముఖి పొంగిన రోజుల్లో ఆ కిందికి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. నీళ్లు తీశాక చూస్తే సిమెంటు మూట బండరాయి అయింది. అట్టపెట్టెలో దాచిన పుస్తకాలు ముద్దయిపోయాయి. ఫ్యాన్ జాలీకి చుట్టుకుని మూరెడు పొడవు కుబుసం. నేను దాన్ని తీయబోతుంటే అవ్వ పైనుంచే అరిచింది: "చెయ్యి పెట్టబాకరా! ముందు కట్టెతో తట్టు!"

మన తిరుపతి, చిత్తూరు వైపు పెద్ద వానలు, తుపాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. కాబట్టి దసరా సెలవుల్లోనే ఒక పూట కేటాయించి కింద ఉన్నదంతా బయటికి లాగండి. ఎండ బాగా ఉన్నప్పుడే చేయండి, సాయంత్రం వద్దు. కాళ్లకు బూట్లు, చేతులకు మందపాటి గ్లౌజులు. ముందు కట్టెతో నేలను, సామాన్లను తట్టి కాసేపు ఆగండి. తర్వాత మామిడికాయలు కోసే దోటితో ఒక్కొక్కటీ మీ వైపు లాగండి. చెయ్యి చాచి తీసే పని మాత్రం పెట్టుకోకండి. పిల్లల్ని, కుక్కను ఇంట్లోనే ఉంచండి. లోపల ఉన్నది పారిపోవడానికి అవతలి వైపు దారి వదిలేయండి. నాలుగు వైపులా మనుషులు నిలబడితే అది ఎవరో ఒకరి కాళ్ల మధ్యకే వస్తుంది.

కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస వినబడితే అది రక్తపింజర కావచ్చు. వెనక్కి తగ్గి, పాములు పట్టేవాళ్లనో అటవీ శాఖ వాళ్లనో పిలవండి. కర్ర పట్టుకుని శౌర్యం చూపించబోయి కాటు తిన్నవాళ్లు ఉన్నారు. వెల్లుల్లి రసం, ఫినాయిల్, బ్లీచింగ్ చల్లితే పాము రాదని చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. నమ్మకండి. పాము వచ్చేది ఎలుక కోసం, ఎలుక వచ్చేది గింజల కోసం. కోళ్ల దాణా, కుక్కల తిండి, వేరుశనక్కాయల మూట అక్కడ లేకుండా చూస్తే సగం పని అయినట్టే.

ఎంత జాగ్రత్తపడినా కాటు పడితే గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి తిరుపతి రుయా ఆసుపత్రికో దగ్గర్లోని పెద్ద ప్రభుత్వాసుపత్రికో పోవాలి. కట్లపాముతో ఇంకో చిక్కుంది. కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా కనబడవు. కొన్ని గంటలకు రెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి అందదు. ‘ఏమీ కాలేదులే, పడుకుంటా’ అంటే ఒప్పుకోకండి.

పాముల టెన్షన్‌లో పడి చాలామంది మరిచిపోయేది జ్వరాల సంగతి. కొబ్బరి చిప్ప, టైరు, పెయింటు డబ్బా మూత, ఏదైనా సరే, నీళ్లు వారం పైన నిలిస్తే డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా అందులోనే ఎదిగిపోతుంది. గడ్డి, పొదలు డెక్ అంచు దాకా పెరిగితే ఇంకొకటి: స్క్రబ్ టైఫస్. మన జిల్లాల్లో వానలు, చలి రోజుల్లో ఈ కేసులు కనబడుతుంటాయి. కంటికి ఆనని చిన్న పురుగు కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, అందరికీ కాకపోవచ్చు. నొప్పి ఉండదు కాబట్టి చంకల్లో, నడుము దగ్గర ఉంటే మనం చూసుకోం. పెరటి పని చేసిన తర్వాత రెండు వారాల్లోపు జ్వరం వస్తే ఆ పని చేసిన సంగతి డాక్టరుకు చెప్పండి. ముందే తెలిస్తే మామూలు యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. పని అయ్యాక స్నానం చేసి, ఆ బట్టలు వేడి నీళ్లలో వేయడం ఎలాగూ ఉంది.

ఖాళీ అయ్యాక ఇనుప కాళ్ల అడుగుభాగం చూడండి. తుప్పు మొదలయ్యేది నేలను తాకే చోటే. సుత్తితో తడితే గలగల రేకు రాలుతుంటే వెల్డర్‌ను పిలవండి, పైన రంగు వేసి కప్పేయకండి. నీళ్లు గోడ వైపు కాకుండా బయటికి పోయేలా పదడుగులకు రెండంగుళాల వాలైనా ఉండాలి. మేమైతే డెక్ పలకల కింద రేకు వాలుగా బిగించి చివర గాడి పెట్టించాం. దాంతో సామాను మీద చుక్క పడటం లేదు.

సామాను మళ్లీ పెట్టేటప్పుడు నేల మీద ఏదీ పెట్టకండి. యాంగిల్ రాక్ వేయించి కింది అర కనీసం అడుగున్నర ఎత్తులో ఉండేలా చూసుకోండి. నీళ్లు వస్తే కింది నుంచి పోతాయి, ఊడ్చేటప్పుడు కింద ఏముందో కనబడుతుంది. అట్టపెట్టెలకు బదులు మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలు. చుట్టూ సన్న కన్నాల ఇనుప మెష్ పెట్టండి, రేకు కొట్టి పూర్తిగా మూసేస్తే గాలాడక చెమ్మ పట్టి చెదలు పడతాయి. తోట పనికి వాడే నైలాన్ వల మాత్రం వద్దు, పాములు అందులో చిక్కుకుని అక్కడే ఉండిపోతాయి.

గ్యాస్ సిలిండర్, ఖాళీదైనా సరే, అక్కడ పెట్టొద్దు. లీకైన వంటగ్యాస్ గాలికన్నా బరువు, పల్లంలోనే పేరుకుంటుంది. పెట్రోలు, థిన్నర్ డబ్బాలకూ ఇదే మాట. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా వద్దు, చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, పైగా నీళ్లు వచ్చే చోటు. లైటు కావాలంటే బోర్డు ఇంటి లోపలే పెట్టించి, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) వేయించండి.

చివరగా, తల. నాలుగడుగుల ఎత్తు కదా, వంగి పోయినవాళ్లు లేచేటప్పుడు దూలం ఠప్పున తగులుతుంది. అందుకని అంచుకు పసుపు టేపు అంటించాను. అయినా నెలకోసారి నా నెత్తికే తగులుతోంది. అవ్వ మాత్రం ఆ కిందికి పోనే పోదు, దోటి నా చేతికిచ్చి పైనుంచి చెబుతుంటుంది.