క్రాస్ కంట్రీ (మట్టినేల మీద దూరపు పరుగు) సీజన్ ముందు: పర్లాకిమిడి, రాయగడ పిల్లల జట్లకు జాగ్రత్తలు

పుట్టినతేదీ కాగితాలు ముందు చూడండి. ఆధార్‌లో ఒక తేదీ, బర్త్ సర్టిఫికెట్‌లో ఇంకోటి ఉంటే పోటీ రోజే పక్కన పెట్టేస్తారు. ఇల్లు ఒడిశాలో, చదువు శ్రీకాకుళంలో అయితే ఏ రాష్ట్రం తరఫునో ఇప్పుడే తేల్చుకోండి. రెండుచోట్లా పేరిస్తే సీజనే పోవచ్చు.

జ్వరం వస్తే మలేరియా పరీక్ష తప్పదు, తగ్గిపోయినా సరే. మందుల కోర్సు మధ్యలో పిల్లల్ని పరిగెత్తించకండి.

స్పైక్స్ (బూట్ల అడుగున బిగించే మేకులు): గట్టినేలకు 6 మి.మీ., బురదకు 12. గట్టినేల మీద పొడవు మేకులు దిగవు, కాలు జారి పిక్క పట్టేస్తుంది. మరల్లో మట్టి చేరితే మేకు ఊడిరాదు. వారానికోసారి విప్పి, తుడిచి బిగించండి.

వరి కోసిన మడుల్లో సాధన వద్దు, కొయ్యకాళ్లు గుచ్చుకుంటాయి.

జట్టు నుంచి ఆరుగురు దిగితే సాధారణంగా వాళ్లలో మొదటి నలుగురి స్థానాలే జట్టు లెక్కకు కలుపుతారు. ముగ్గురే గీత దాటితే జట్టుకు స్థానం లేదు. అందుకే జట్టులో నాలుగో, ఐదో వరసలో వచ్చే పిల్లల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

తిండి పరుగుకు 3 గంటల ముందే.