ఆమ్‌డాల్ సూత్రాన్ని తరగతిలో బోధించే విధానం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల డిగ్రీ కళాశాలల్లో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ చెప్పే అధ్యాపకులు కంప్యూటర్ల రూపశిల్పి జీన్ ఆమ్‌డాల్ పాఠాన్ని ఆయన జీవిత విశేషాలతో కాక, 1967లో ఆయన ముందుంచిన వాదనతో మొదలుపెట్టటం మంచిది. ఒక పనిలో పంచుకోవటానికి వీలులేని భాగం ఎంత ఉంటుందో దానిని బట్టే, ఎన్ని ప్రాసెసర్లు చేర్చినా దక్కే వేగానికి హద్దు ఏర్పడుతుందన్నదే ఆ వాదన.

దీనికి కళ్లంలోని లెక్క చాలు. ఐదు పుట్ల ధాన్యాన్ని (పుట్టి 850 కిలోలని ఇక్కడి పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు) ఒక్క మనిషి బస్తాలకెత్తి కుట్టటానికి 9 గంటలు, ఆ తరువాత ఉన్న ఒక్క కాటా మీద తూచటానికి 1 గంట పడుతుందనుకోండి. తొమ్మిది మందిని పెడితే మొత్తం 2 గంటల్లో, అంటే 5 రెట్ల వేగంతో పూర్తవుతుంది. తొంభై మందిని పెట్టినా 66 నిమిషాలు పడుతుంది. కాటా ఒక్కటే ఉన్నంతకాలం 10 రెట్లకు మించదు. ఈ అంకెలను విద్యార్థుల చేతనే వేయించాలి.

ఆ తరువాతే జీవితంలోకి వెళ్లండి. 1922లో దక్షిణ డకోటాలో పుట్టిన ఆమ్‌డాల్, 1964లో ఐబీఎం సంస్థ ప్రకటించిన సిస్టమ్/360 అనే కంప్యూటర్ల శ్రేణికి ప్రధాన రూపశిల్పి. చిన్న యంత్రానికి రాసిన ప్రోగ్రామ్ అదే శ్రేణిలోని పెద్ద యంత్రం మీదా నడిచేలా, ప్రోగ్రామర్‌కు కనిపించే స్వరూపాన్ని లోపలి నిర్మాణం నుంచి వేరుచేయటం అందులోని గొప్పతనం. నా దృష్టిలో పాఠానికి ఇదే గుండెకాయ. ఆ విభజన వల్లనే, 1970లో ఐబీఎం వదిలి సొంత సంస్థ పెట్టిన ఆయన, ఐబీఎం సాఫ్ట్‌వేర్‌నే నడిపే 470వి/6 కంప్యూటర్‌ను 1975లో అందించగలిగారు. పూర్తి సిలికాన్ వేఫర్‌నే (మామూలుగా ఎన్నో చిప్‌లుగా కోసే పలుచని బిళ్లను) ఒక చిప్‌గా మలచాలన్న, ఆయన తరువాత స్థాపించిన ట్రైలజీ సంస్థ ప్రయత్నం విఫలమైన సంగతిని కూడా దాటవేయకండి.

చివరగా ల్యాబ్‌లో ఒకే ప్రోగ్రామ్‌ను ఒక కోరు (ప్రాసెసర్‌లో విడిగా పనిచేయగల భాగం) మీద, రెండు కోర్ల మీద నడిపి సమయం కొలిపించండి. రెండు కోర్ల సమయాన్ని రెట్టింపు చేసి, ఒక కోరు సమయంతో భాగించి, 1 తీసివేస్తే పంచలేని భాగం తెలుస్తుంది. 20 సెకన్లు 12కు తగ్గితే అది 0.2, కాబట్టి నాలుగు కోర్ల మీద 8 సెకన్లు రావాలి. కొలతలో అంతకంటే ఎక్కువ వస్తే, కోర్ల మధ్య సమన్వయానికి, మెమరీ కోసం ఎదురుచూడటానికి పోయిన కాలాన్ని వెతకమనండి.