మిల్లు ఊక బూడిద ఎత్తే ముందు

మిల్లు బాయిలరులో ఊక కాలగా మిగిలే బూడిదలో ఎక్కువ భాగం సిలికానే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. సన్నటి పొడి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తే అక్కడే ఉండిపోయి ఊపిరితిత్తుల్ని గట్టిపరుస్తుంది, ఆ నష్టం తిరిగి పూడదు. తలకు చుట్టే తువ్వాలు, గుడ్డ మాస్కు ఈ పనికి చాలవు.

మాస్కు: సన్నటి దుమ్మును వడగట్టే ఎన్‌95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం. రెండు పట్టీలూ తలవెనక్కి, ఒకటి పైన ఒకటి కింద. ముక్కు మీది రేకు రెండు చేతులతో నొక్కి, గట్టిగా ఊదండి. కళ్లవైపు గాలి తగిలితే బిగువు లేదన్నట్టే. గడ్డం ఉంటే ఎంత మంచి మాస్కయినా అంచున కారుతుంది, ముందు గీసుకోండి. తడిస్తే మార్చండి.

అన్నిటికంటే ముఖ్యం కుప్ప. పైకి చల్లగా తెల్లబడ్డా లోపల నిప్పు ఉంటుంది. పొడవు కర్ర పారతో అంచు నుంచి విప్పి చూడండి. వేడి కుప్ప మీద ఒక్కసారి నీళ్లు కుమ్మరిస్తే ఆవిరి చిమ్మి ముఖం కాలుతుంది. చల్లారనిచ్చాకే, సన్నటి జల్లుతో పొర పొరగా తడపండి. పైపు ధార వద్దు, పొడిని లేపేస్తుంది.

గాలి వీపుకు తగిలేలా నిలబడండి. పుష్యమాసం మంచు వేళల్లో దుమ్ము పైకి పోదు, ఊరి మీదే ఆగుతుంది. ఎండెక్కాక మొదలుపెట్టండి.

ట్రక్కు మీద బరకం నాలుగు మూలలా కట్టాలి. కాలవ గట్టున దింపొద్దు.

బట్టలు దులపకుండా తడిపి విప్పండి, పిల్లల్ని ఎత్తుకునేది స్నానం అయ్యాకే.