తక్కువ బడ్జెట్‌లో పాకెట్ స్ప్రింగ్ పరుపు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

పాకెట్ స్ప్రింగ్ పరుపు రెండు మూడేళ్లకే గుంట పడిందంటే, చాలాసార్లు తప్పు స్ప్రింగుది కాదు. పైన పరిచిన ఫోమ్‌ది, లేదంటే కింది మంచానిది. షాపులో మాత్రం మాటంతా స్ప్రింగుల లెక్క చుట్టే తిరుగుతుంది. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు ఆ లెక్కను పక్కనపెట్టి ఫోమ్ గురించి, మంచం గురించి అడగడం మొదలుపెట్టాలి.

అంతకన్నా ముందు, మీకు చూపిస్తున్నది పాకెట్ స్ప్రింగేనా అన్నది తేల్చుకోండి. హన్మకొండలోనైనా కరీంనగర్‌లోనైనా బోర్డు మీద ఉత్త ‘స్ప్రింగ్ పరుపు’ అని ఉంటే అది చాలావరకు బొన్నెల్ అయి ఉంటుంది. అందులో డమరుకం ఆకారపు స్ప్రింగులన్నీ తీగతో ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. పాకెట్‌లో ఒక్కో స్ప్రింగు విడిగా ఒక గుడ్డ సంచిలో ఉంటుంది. అరచేత్తో ఒకచోట గట్టిగా నొక్కి చూడండి. చుట్టూ జానెడు జాగ కూడా కలిసి దిగితే బొన్నెల్, నొక్కినచోటే దిగితే పాకెట్. పక్కవాళ్లు పొర్లినప్పుడు మన నిద్ర చెడకుండా ఉండటమే పాకెట్ వల్ల అసలు లాభం. కాబట్టి ఒక్కరే పడుకునే సింగిల్ మంచానికి దానికోసం ఎక్కువ పెట్టాల్సిన పని లేదు, మంచి బొన్నెల్ సరిపోతుంది.

ఇక స్ప్రింగుల లెక్క. 6 బై 5 పరుపు అంటే 72 ఇంచుల పొడవు, 60 ఇంచుల వెడల్పు. చుట్టూ అంచుకు 3 ఇంచుల ఫోమ్ పోతే, 60 మిల్లీమీటర్ల వ్యాసమున్న స్ప్రింగులు పొడవునా 28, అడ్డంగా 22 లేదా 23 పడతాయి. మొత్తం 620 నుంచి 640. తేనెపట్టు వరసలో సర్దితే ఇంకొన్ని ఎక్కుతాయి. అదే సైజులో రెండు వేలు ఉన్నాయని చెబితే, పైపొరలో పెట్టే చిన్న చిన్న మినీ స్ప్రింగులను కూడా కలిపి చెబుతున్నట్టు. 6 బై 5కు 550 నుంచి 700 దాకా ఉంటే చాలు, అంతకుమించి డబ్బు పెట్టనక్కర్లేదు.

లెక్క కంటే తీగ మందం ముఖ్యం. మిగతా కొలతలన్నీ ఒకటే అయితే, 1.8 మి.మీ. తీగ స్ప్రింగు కన్నా 2 మి.మీ. తీగ స్ప్రింగు దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టిగా ఉంటుంది. కంటికి ఆ తేడా కనిపించదు, నడుముకు తెలుస్తుంది. 60 కిలోల లోపువాళ్లకు 1.8 సరిపోతుంది. ఇద్దరూ 70, 80 కిలోల మధ్య ఉంటే 1.9 నుంచి 2 అడగండి. అంతకంటే బరువుంటే 2 కంటే తగ్గొద్దు. తీగ మందం ఎంతో షాపువాళ్లకు తెలియకపోతే కంపెనీ స్పెసిఫికేషన్ కాగితం చూపించమనండి. అదీ లేకపోతే ఆ మోడల్ వదిలేయడమే మంచిది.

ఫోమ్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. ధర తగ్గించాలనుకున్నప్పుడు తయారీదారులు ముందు కోత పెట్టేది ఇక్కడే, ఎందుకంటే గుడ్డ కుట్టేశాక లోపల ఏముందో ఎవరికీ కనిపించదు. స్ప్రింగుల మీద ముందు గట్టి ఫెల్ట్ (పీచును ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) లాంటి పొర ఉండాలి. అది లేకపోతే స్ప్రింగులు ఫోమ్‌లోకి గుచ్చుకుని ఫోమ్‌ను తినేస్తాయి. దానిమీద కనీసం ఒకటిన్నర ఇంచు, 32 డెన్సిటీ ఫోమ్ ఉండాలి, 40 అయితే ఇంకా మేలు. 18, 23 డెన్సిటీ ఫోమ్ కొత్తలో మెత్తగా, హాయిగానే ఉంటుంది. తర్వాత పడుకునేచోట అణిగిపోయి తిరిగి లేవదు.

డెన్సిటీని నోటిమాట మీద నమ్మక్కర్లేదు, తూకం వేసి చూడొచ్చు. డెన్సిటీ అంటే ఒక ఘనమీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. అడుగు పొడవు, అడుగు వెడల్పు, ఇంచు మందమున్న ముక్క 32 డెన్సిటీది అయితే సుమారు 75 గ్రాములు తూగుతుంది. 40 అయితే 94 గ్రాములు, 23 అయితే 54, 18 అయితే 42. ఆర్డర్ మీద కుట్టించే చోట ఆ సైజు ముక్క కోసి ఇమ్మనండి, పక్క కిరాణాషాపు ఎలక్ట్రానిక్ కాంటా చాలు. ఒక మోసం కూడా ఉంది. తూకం పెంచడానికి ఫోమ్‌లో సుద్దపొడి కలుపుతారు. ముక్కను గట్టిగా నలిపి గోటితో గీకితే పొడి రాలినా, నొక్కి వదిలాక నింపాదిగా లేచినా అది తీసుకోవద్దు.

పిల్లో టాప్, యూరో టాప్ అని పైన ఇంకో మెత్తటి పొర కుట్టినవి చూడముచ్చటగా ఉంటాయి. తక్కువ ధరలో వచ్చేవాటిలో ఆ పొర నాసిరకం ఫోమే, ముందు గుంట పడేది అదే. ఒంటి ఆకారానికి ఒదిగిపోయే మెమరీ ఫోమ్ ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. రోహిణి కార్తెలో కరెంటు పోయిన రాత్రి, వరంగల్‌లోనో రామగుండంలోనో దాని మీద పడుకోవడం ఎట్లుంటదో వేరే చెప్పక్కర్లేదు. ఏసీ లేని ఇంటికి అది వద్దు. మామూలు ఫోమ్, పైన అల్లిక గుడ్డ చాలు.

మంచం కొలత ఇంట్లోనే తీసుకుని వెళ్లండి. వడ్రంగి చేసిన టేకు మంచం 6 బై 5 అని చెప్పినా లోపలి కొలత 71, 59 ఉండొచ్చు. మూడు చోట్ల టేపు పెట్టి, తక్కువ వచ్చిన కొలతనే లెక్కలోకి తీసుకోండి. స్ప్రింగు పరుపు దూది పరుపులా నొక్కితే ఇరుకులో కూర్చోదు. ఫోమ్ పరుపులా అడిగిన సైజుకు కోయడమూ కుదరదు. వింత సైజు ఇస్తే ఒక వరస స్ప్రింగులు తీసేసి అంచుకు ఫోమ్ నింపుతారు. అందుకే కొత్త మంచం చేయించేవాళ్లు ముందు పరుపు సైజు ఖాయం చేసుకోవాలి. పొడవు 72, 75, 78 ఇంచుల్లో, వెడల్పు 60, 72 ఇంచుల్లో సులువుగా దొరుకుతాయి.

నవారు మంచం మీద స్ప్రింగు పరుపు వేయొద్దు. ఇనుప మంచంలో పట్టీల మధ్య 3 ఇంచుల కన్నా ఎక్కువ సందు ఉంటే 12 మి.మీ. ప్లైవుడ్ పరవండి. 5 అడుగుల వెడల్పు దాటితే నడిమధ్య కింద ఒక కాలు తప్పకుండా ఉండాలి. స్టోరేజీ మంచమైతే ప్లైకి ఏడెనిమిది ఇంచులకు ఒకటి చొప్పున ఇంచు రంధ్రాలు కొట్టించండి. లేకపోతే వానకాలంలో చెమ్మ పట్టి అడుగున బూజు వస్తుంది, తీగ తుప్పు పడుతుంది. పరుపు జారుతోందని రబ్బరు షీటు వేయకండి. వరంగల్ కొత్తవాడ నేత జంపఖానా పరిస్తే చాలు. చెమ్మ పీల్చుకుంటుంది, అప్పుడప్పుడు తీసి ఎండలో వేయొచ్చు.

షాపులో పక్కకు తిరిగి పది పదిహేను నిమిషాలు పడుకోండి, మొహమాటపడొద్దు. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుము కింద చెయ్యి ఊరికే దూరిపోతే పరుపు గట్టిది, అసలు దూరకపోతే మరీ మెత్తది. అంచు మీద కూర్చుంటే జారిపోతున్నట్టు ఉండకూడదు. లేచేటప్పుడు టిక్కు టిక్కుమని చప్పుడు వస్తే లోపల సంచుల అతుకు సరిగా లేదు.

దసరా, సంక్రాంతి ఆఫర్లలో ఇచ్చే రెండు దిండ్లు వద్దని, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. మోడల్ పేర్లు షాపును బట్టి మారతాయి కాబట్టి పేరుతో రేటు పోల్చలేరు. తీగ మందం, స్ప్రింగు ఎత్తు, ఫోమ్ డెన్సిటీ, దాని మందం రాయించుకుని పోల్చండి. జీఎస్టీ బిల్లు మీద ఇవే రాయించండి. వారంటీ పదేళ్లని ఉన్నా షరతులు చదవండి. ఇంచు లోపు గుంటను చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు, మరక పడితే వారంటీ పోతుంది. కొన్నేళ్లు గడిచాక మార్పిడికి మీరూ కొంత వాటా కట్టాల్సి రావచ్చు.

ట్రాలీ ఆటోలో తెచ్చుకునేటప్పుడు పరుపును మధ్యకు మడవనివ్వకండి, అంచున నిలబెట్టి కట్టించండి. చుట్టగా ప్యాక్ చేసి వచ్చినదైతే విప్పాక పూర్తిగా లేవడానికి రెండు మూడు రోజులు ఆగండి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి తలవైపును కాళ్లవైపుకు తిప్పండి. ఒకవైపే వాడేలా కుట్టినదాన్ని మాత్రం బోర్లించొద్దు.