స్పోర్ట్ టూరింగ్ బండ్లు: ఉన్నవారు వదలరు, కొత్తవారు కొనరు (సమస్య - పరిష్కారం)

వేగంగా, హాయిగా దూరప్రయాణం చేయడానికి, ఎదురుగాలిని ఆపే ముందు కవచం (ఫెయిరింగ్)తో చేసిన బండ్లను స్పోర్ట్ టూరింగ్ బండ్లు అంటారు. ఈ తరగతిలో హోండా ఎస్‌టీ1300, కవాసాకి 1400జీటీఆర్, ట్రయంఫ్ స్ప్రింట్, డుకాటీ ఎస్‌టీ వరుస, హోండా వీఎఫ్‌ఆర్1200ఎఫ్ ఒక్కొక్కటిగా తయారీ నుంచి తప్పుకున్నాయి. 2001లో వచ్చిన యమహా ఎఫ్‌జేఆర్1300 కూడా యూరో 5 ఉద్గార నిబంధనలు వచ్చాక ఐరోపా మార్కెట్‌లో నిలవలేదు. వీటిని నడుపుతున్నవారిని కదిలిస్తే మాత్రం లక్ష కిలోమీటర్లు దాటినా ఇంజిన్ విప్పాల్సిన అవసరం రాలేదని, మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటామని చెబుతారు. అమెరికాలో ఎఫ్‌జేఆర్‌ను మొదట్లో ముందస్తు బుకింగ్ మీదనే అమ్మారు, జనం డబ్బు కట్టి నెలల తరబడి ఎదురుచూశారు. 24 గంటల్లో 1,000 మైళ్లు, అంటే సుమారు 1,600 కి.మీ. నడిపినవారికి ధ్రువపత్రం ఇచ్చే ఐరన్ బట్ అసోసియేషన్ రైడర్లలో ఎఫ్‌జేఆర్, ఎస్‌టీ బండ్లవారు ఎప్పుడూ ఉంటారు. ఇంత అభిమానం ఉన్న తరగతి అమ్మకాల్లో ఎందుకు చతికిలపడిందో, దాన్ని సరిచేయడానికి తయారీదారు, డీలరు, కొనేవారు ఏం చేయవచ్చో లక్షణాల వారీగా ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట లోపం ఎక్కడుందో గుర్తించడం

బండి మొరాయిస్తోందని తీసుకువెళితే, అనుభవమున్న మెకానిక్ ముందుగా అడిగేది ఆ లోపం ఎప్పుడు కనిపిస్తోందని. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వచ్చే లోపానికి ఒక కారణం ఉంటుంది, వేడెక్కాక వచ్చే లోపానికి మరొకటి ఉంటుంది. ఇక్కడి లోపం కొనకముందు మాత్రమే కనిపిస్తోంది, కొన్నాక మాయమవుతోంది. ఈ బండి గొప్పతనం 200 కి.మీ. నడిపాక గానీ తెలియదు, అమ్మకం మాత్రం షోరూంలో మొదటి ఐదు నిమిషాల్లోనే తేలిపోతుంది. కింద చెప్పిన లక్షణాల్లో చాలావరకు ఈ ఎడం నుంచి పుట్టినవే.

లక్షణం: షోరూంలో ఎక్కి చూసి, దిగి వెళ్లిపోతారు

కారణం బరువు. ఎఫ్‌జేఆర్1300 నిండు ట్యాంకుతో 290 కిలోల దరిదాపుల్లో ఉంటుంది, 1400జీటీఆర్ 300 కిలోలు దాటుతుంది. నున్నటి టైల్స్ మీద సైడ్ స్టాండు వేసి ఉన్న ఆ బండిని నిటారుగా లేపడానికి కొనేవారు నడుము బిగించి తోయాలి. మడమలు నేలకు పూర్తిగా ఆనవు, హ్యాండిల్ ఒకవైపు తిరిగిపోతుంది, పక్కన నిలబడిన సేల్స్ కుర్రవాడు కంగారుగా వెనక గ్రాబ్ రైల్ పట్టుకుంటాడు. ఆ ఒక్క క్షణంలో కలిగిన భయం ఆ తరువాత ఎన్ని గుణాలు చెప్పినా పోదు. అమెరికాలో 2018 నాటి సర్వే ప్రకారం మోటార్‌సైకిల్ యజమానుల మధ్యస్థ వయసు 50 ఏళ్లు. మోకాళ్ల గురించి ఆలోచించే వయసులో ఉన్నవారికి 300 కిలోల బండి చూపిస్తే వారు వెనుకాడటంలో ఆశ్చర్యం లేదు.

ఇవ్వవలసిన టెస్ట్ రైడ్ కూడా ఇవ్వరు. ఊళ్లో నాలుగైదు కిలోమీటర్లు, రెండు సిగ్నళ్లు, ఒక యూటర్న్, అంతటితో సరి. ఈ బండిలోని లోపాలన్నీ కనిపించేది సరిగ్గా ఆ నాలుగు కిలోమీటర్లలోనే. ఇంజిన్ వేడి మోకాళ్లకు తగులుతుంది, మణికట్ల మీద భారం పడుతుంది, యూటర్న్‌లో బరువు తెలుస్తుంది. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న నింజా 1000 ఉంది. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ దాటే వరకు దాన్ని ఎందుకు కొన్నానా అనిపించిన రోజులున్నాయి. అదే బండి మీద విజయవాడ హైవేలో సూర్యాపేట దాటాక గాలి ఛాతీని కాస్త ఎత్తి పట్టుకుంటుంది, చేతుల మీది భారం దానంతట అదే తగ్గుతుంది. ఒకసారి కోదాడ దగ్గర వాన పట్టుకుంది. ఆగి చూసుకుంటే భుజాలు, బూట్లు తడిశాయి గానీ ఫెయిరింగ్ వెనుక ఉన్న తొడలు, మోకాళ్లు దాదాపు పొడిగానే ఉన్నాయి. ఈ సంగతి నాకు ఏ షోరూంలోనూ తెలిసే అవకాశం లేదు.

పరిష్కారం డీలరు చేతిలోనే ఉంది. ఈ తరగతి బండికి ఐదు కిలోమీటర్ల టెస్ట్ రైడ్ ఇవ్వడం కన్నా అసలు ఇవ్వకపోవడమే నయం. తగిన డిపాజిట్ తీసుకుని ఆదివారం పొద్దున బండి అప్పగించి, సాయంత్రానికి తీసుకునే పద్ధతి పెట్టాలి, లేదా పాత యజమానుల లాంగ్ రైడ్‌లో కొత్తవారికి డెమో బండి ఇవ్వాలి. దానికి ముందు షోరూం బయట గట్టి నేల మీద, ఎక్కేవారి బరువుకు తగ్గట్టు వెనక సస్పెన్షన్ స్ప్రింగు బిగువు (ప్రీలోడ్) సరిచేసి, బండిని లేపడం, వెనక్కి నెట్టడం పది నిమిషాలు నేర్పాలి. బరువును లేపే చోటు, కాలు మోపే చోటు తెలిస్తే ఆ భయంలో సగం తగ్గుతుంది.

లక్షణం: దీన్ని చూడటానికి వచ్చి అడ్వెంచర్ బండి కొంటారు

అన్నింటికన్నా పెద్ద లక్షణం ఇదే. 1976లో బీఎండబ్ల్యూ ఆర్100ఆర్‌ఎస్ పూర్తి ఫెయిరింగ్‌తో వచ్చినప్పుడు దూరప్రయాణం చేసే బండి అంటే అలాగే ఉండాలని చాలామంది అనుకున్నారు. నాలుగేళ్లకే, 1980లో, అదే సంస్థ ఆర్80 జీ/ఎస్ తెచ్చింది. మట్టిదారికీ తారు రోడ్డుకూ పనికొచ్చే ఆ బండి సంతతి మెల్లగా పెరిగి, 2004లో ఇద్దరు నటులు లండన్ నుంచి తూర్పు దిశగా న్యూయార్క్ వరకు ఆర్1150జీఎస్ అడ్వెంచర్ బండ్ల మీద ప్రయాణించి, ఆ ప్రయాణాన్ని టీవీలో చూపాక సామాన్య రైడర్ల కలల్లోకి వచ్చేసింది. దూరం వెళ్లాలనుకునేవారికి ఆ తరువాత మొదట గుర్తొచ్చేది ఎత్తైన సీటు, వెడల్పు హ్యాండిల్, అల్యూమినియం పెట్టెలు ఉన్న బండే అయింది.

దీన్ని ఫ్యాషన్ అని కొట్టిపారేసే స్పోర్ట్ టూరింగ్ అభిమానులు నాకు చాలామంది తెలుసు. వారితో నేను ఏకీభవించను. అడ్వెంచర్ బండి కొన్నవారిలో ఎక్కువమంది తారు రోడ్డు దిగరన్నది నిజమే, కానీ తారు రోడ్డు మీద కూడా ఆ బండికి కొన్ని అసలైన సుగుణాలున్నాయి. స్పోర్ట్ టూరింగ్ బండికి సస్పెన్షన్ కదలిక సాధారణంగా 120-140 మి.మీ. ఉంటుంది. ఆర్1200జీఎస్‌కు ముందు 190, వెనక 200 మి.మీ. ఉంటుంది. గుంతలోకి చక్రం దిగినప్పుడు ఆ తేడా వెన్నుపూసకు తెలుస్తుంది. వెడల్పు హ్యాండిల్ వల్ల తిప్పడం తేలిక, మోకాలు తక్కువ వంగుతుంది, రైడరు నిటారుగా కూర్చుంటాడు. అంటే అడ్వెంచర్ బండి సుగుణాలు మొదటి ఐదు నిమిషాల్లోనే తెలుస్తాయి. హైవే వేగంలో ఎదురుగాలిని తప్పించడం, వాన నుంచి కాళ్లను కాపాడటం, వేగంగా మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రం ఇచ్చే నమ్మకం వంటి స్పోర్ట్ టూరర్ గుణాలు తెలియడానికి చాలా దూరం పోవాలి.

కనుక పరిష్కారం, ఎదుటి బండిలో మంచిదేదో అది తెచ్చుకోవడం. 2022 మోడల్‌గా వచ్చిన హోండా ఎన్‌టీ1100లో జరిగింది ఇదే. ఆఫ్రికా ట్విన్ అనే అడ్వెంచర్ బండి ఇంజిన్‌నే తీసుకుని, సస్పెన్షన్ కదలికను ముందూ వెనకా 150 మి.మీ.కు పెంచి, హ్యాండిల్ ఎత్తి, విండ్‌స్క్రీన్, సైడ్ బాక్సులు బిగించారు. బరువు 238 కిలోలే. ఆ ఇంజిన్ 1,084 సీసీ, 1990లో వచ్చిన పాత ఎస్‌టీ1100 ఇంజిన్ కూడా సరిగ్గా 1,084 సీసీయే. పాతది చైనుకు బదులు ఇరుసుతో చక్రాన్ని తిప్పే (షాఫ్ట్ డ్రైవ్) నాలుగు సిలిండర్ల ఇంజిన్, కొత్తది రెండు సిలిండర్ల చైన్ ఇంజిన్ కనుక వీటికి చుట్టరికం ఏమీ లేదు, అయినా పాత ఎస్‌టీ అభిమానిగా ఆ అంకె చూసినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఐరోపాలో ఎన్‌టీ1100కు మంచి ఆదరణ దొరికింది. యమహా ట్రేసర్ 9 జీటీ కూడా ఇదే దారిలో నిలదొక్కుకుంది. ఈ తరగతికి గిరాకీ చచ్చిపోలేదని చెప్పడానికి నాకు ఈ రెండు చాలు.

లక్షణం: అభిమానించే యజమానే కొత్తది కొనడు

కారణం బండి మన్నిక. తీరుబడిగా తిరిగే పెద్ద ఇంజిన్, చైను బాధ లేని షాఫ్ట్ డ్రైవ్, ఎస్‌టీ1100కు 28 లీటర్ల ట్యాంకు. ఇవన్నీ ఏళ్ల తరబడి వాడుకోవడానికి చేసినవి, అలాగే వాడుకుంటున్నారు. ఒక యజమాని 15 ఏళ్లు ఒకే బండి నడిపితే ఆ అభిమానం సంస్థ లెక్కల్లో ఒకే ఒక్క అమ్మకంగా కనిపిస్తుంది. పైగా తయారీదారు మార్పులు నత్తనడకన తెచ్చాడు. ఎఫ్‌జేఆర్‌కు ఆరో గేరు కావాలని రైడర్లు ఏళ్ల తరబడి అడిగితే 2016 మోడల్‌లో వచ్చింది. అప్పటికి చాలామంది ఐదు గేర్లకే అలవాటుపడ్డారు. అమెరికాలో ఈ బండి కొనాలనుకునే మనవాళ్లు కూడా జాగ్రత్తగా వాడిన పాత ఎఫ్‌జేఆర్ తక్కువ ధరకు దొరుకుతుంటే కొత్తదాని వైపు ఎందుకు చూస్తారు? కొత్త బండికి అసలు పోటీదారు దాని పాత బండే.

పాత బండి మన్నికను తగ్గించడం పరిష్కారం కాదు, అది ద్రోహం అవుతుంది. ఎస్‌టీ యజమాని మళ్లీ షోరూం మెట్లెక్కాలంటే అతని పాత బండిలో లేనిదేదో, అది కూడా దూరప్రయాణంలో పనికొచ్చేది, కొత్తదానిలో ఉండాలి. 50 కిలోల బరువు తగ్గించడం అలాంటిది, మలుపులో దారి చూపే హెడ్‌లైటు అలాంటిది. రెండోది, సంస్థే పాత బండిని తిరిగి కొని, సరిచేసి, వారంటీతో అమ్మాలి. ఈ తరగతిలోకి తొలిసారి అడుగుపెట్టేవారికి సెకండ్ హ్యాండ్ బండే దారి, నేను వచ్చింది కూడా ఆ దారినే.

లక్షణం: ధర కాగితం చూడగానే మాట ఆగిపోతుంది

తక్కువ సంఖ్యలో అమ్ముడుపోయే బండికి ప్రత్యేకంగా ఇంజిన్ తయారుచేస్తే ఆ ఖర్చంతా ఆ కొద్దిమంది మీదే పడుతుంది. వీఎఫ్‌ఆర్1200ఎఫ్ కోసం 1,237 సీసీ వీ4 ఇంజిన్, మోటార్‌సైకిళ్లలో మొట్టమొదటిదైన, గేర్లు దానంతట అదే మార్చుకోగల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ రూపొందించి, ట్యాంకు మాత్రం 18.5 లీటర్లకు కుదించారు. డబ్బు ఖర్చయిన చోటు ఒకటి, దూరం వెళ్లేవారికి అవసరమైన చోటు మరొకటి. బీఎండబ్ల్యూ వారి ఆర్‌టీ అనే టూరింగ్ బండ్లు ఇన్నేళ్లుగా నిలిచి ఉండటానికి ఒక ముఖ్య కారణం తమ అడ్వెంచర్ బండి జీఎస్ ఇంజిన్‌నే వాడుకోవడం. ఇలా ఇంజిన్ పంచుకోవడం మొదటి మందు. సైడ్ బాక్సులు, సెంటర్ స్టాండ్, క్రూయిజ్ కంట్రోల్ ధరలో కలిపి ఇవ్వడం రెండో మందు. విడిగా బిల్లు వేస్తే కొనేవారు మోసపోయామనుకుంటారు.

లక్షణం: మన దేశంలో ఈ తరగతి వేళ్లూనుకోదు

ఇక్కడ కారణాలు వేరు. ఈ బండ్లు ఏ రోడ్ల కోసం పుట్టాయో ఆ రోడ్ల మీదికి మన దగ్గర వాటిని రానివ్వరు. 158 కి.మీ. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు, ముంబయి-పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద లేదు, 2023 ఆగస్టు 1 నుంచి బెంగళూరు-మైసూరు దారి ప్రధాన మార్గంలో కూడా లేదు. రెండోది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్‌టీ 40 శాతం, ఆ లోపు వాటి మీద 18 శాతం.

మూడోది, మనవాళ్లు చేసిన చిన్న స్పోర్ట్ టూరింగ్ బండ్లు తమ పనిని తామే మరిచిపోవడం. 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మాకు 223 సీసీ ఇంజిన్, 15 లీటర్ల ట్యాంకు ఉండేవి. దాని మీద లద్దాఖ్ వెళ్లివచ్చిన మన కుర్రాళ్లు ఇప్పటికీ దాని పేరు ఆప్యాయంగా తలుస్తారు. 2023లో అదే పేరుతో వచ్చిన ఎక్స్‌ఎంఆర్‌కు ఇంజిన్ బలం పెరిగింది, ట్యాంకు 11 లీటర్లకు తగ్గింది. 2017లో వచ్చిన యమహా ఫేజర్ 25కు 14 లీటర్ల ట్యాంకు, ఫెయిరింగ్ రెండూ ఉన్నా 2020లో బీఎస్6 ఉద్గార నిబంధనలు రావడంతో వెళ్లిపోయింది. బజాజ్ డొమినార్ 400కు 2021లో ఎత్తైన విండ్‌స్క్రీన్, క్యారియర్, చేతి గార్డులు సంస్థే బిగించి ఇవ్వడం వీటన్నిటిలోకి సరైన ఆలోచన.

పరిష్కారం 350 సీసీ లోపే ఉందని నా నమ్మకం. పన్ను తక్కువ, బరువు తక్కువ, మన జాతీయ రహదారుల మీద గంటకు 90-100 కి.మీ. వేగానికి ఆ శక్తి సరిపోతుంది. ఆ బండికి 15 లీటర్లకు తగ్గని ట్యాంకు, నిజంగా గాలి ఆపే ఫెయిరింగ్, 150 మి.మీ. సస్పెన్షన్, వెనక కూర్చునే భార్యకో అమ్మకో సరిపడా సీటు, పెట్టెలు బిగించే ఏర్పాటు సంస్థే ఇవ్వాలి. ఎక్స్‌ప్రెస్‌వేల విషయంలో నిషేధానికి బదులు కనీస వేగం, తగిన రక్షణ దుస్తులు షరతుగా పెట్టి పెద్ద బండ్లను అనుమతించాలని రైడర్ల సంఘాలు అడగడం న్యాయమే.

కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి

తెలిసినవారి బండి అడిగి తీసుకుని కనీసం 200 కి.మీ. నడపండి, వెళ్లే దారిలో ఘాట్ రోడ్డు ఉంటే మరీ మంచిది. మణికట్లు నొప్పి పుడితే హ్యాండిల్‌ను ఎత్తు చేసే రైజర్లతో సరిపోతుంది. హెల్మెట్‌లో గాలి హోరు ఉంటే మరో ఎత్తు విండ్‌స్క్రీన్ వేయించాలి. తుంటి తిమ్మిరెక్కితే సీటు ఫోమ్ మార్పించవచ్చు. ఈ మూడూ సరిచేశాక కూడా తిరుగు ప్రయాణంలో ఎప్పుడు ఇల్లు చేరతామా అనిపిస్తే ఆ బండి మీకు నప్పదు, మొహమాటపడకుండా మరొకటి చూసుకోండి.