లూయీషియాను పక్కకు వాల్చి నాటండి

రాక్ గార్డెన్‌లో, అంటే రాళ్ల మధ్య మొక్కలు పెంచే తోటలో, లూయీషియా కోటిలెడన్ అనే పూల మొక్క పెంచేవాళ్లు దాన్ని నేల మీద నిటారుగా పెట్టకండి. రెండు రాళ్ల సందులో పక్కకు వాల్చి నాటండి. అమెరికాలోని దక్షిణ ఒరెగాన్, ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో ఇది రాతి పగుళ్లలోనే పెరుగుతుంది. గులాబీ రంగు చారల పూలు ఎంత ముద్దుగా ఉంటాయో! చలిని బాగానే తట్టుకుంటుంది కానీ, ఆకుల గుత్తి మధ్యలో నీళ్లు నిలిస్తే మాత్రం మొదలు కుళ్లిపోతుంది. వాల్చి పెడితే వాన నీరు జారిపోతుంది. మొదలుకు తడి మట్టి తగలకుండా చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మందాన సన్న కంకర పోయండి. నీళ్లు ఆకుల మీద కాకుండా పక్కనుంచి పోయాలి. పూలయ్యాక నీళ్లు ఇంకా తగ్గించండి. ఆకులు కాస్త ముడుచుకున్నా టెన్షన్ పడొద్దు, లావుపాటి వేరులో తడి దాచుకునే ఉంటుంది.