లెక్కల్లో వెనకబడినవాళ్లు ఇంటర్ ఎంపీసీ గట్టెక్కడం ఎలా?

పదో తరగతి దాకా ఊళ్లో చదివి నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో వచ్చి ఎంపీసీలో చేరిన పిల్లలు చాలామంది, దసరా సెలవులు రాకముందే ‘లెక్కలు నాతో కావు’ అనేస్తారు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన నేనూ అదే అన్నాను. మొదటి ఏడాది లెక్కల రెండో పేపర్, మ్యాథ్స్ 1బి తప్పాను కూడా. సప్లిమెంటరీకి కూర్చున్నప్పుడు అర్థమైంది: నాకు రానిది అవకలనం (డిఫరెన్షియేషన్) కాదు, ఎనిమిదో తరగతి బీజగణితం.

1. మొదటి తప్పు పడిన లైను పట్టుకోండి. తక్కువ మార్కులొచ్చిన పేపర్ తీసి, ప్రతి లెక్కలో ఎక్కడ దారి తప్పారో అక్కడ గీత గీయండి. రెండు పదాల మొత్తాన్ని వర్గం చేయమంటే విడివిడిగా వర్గాలు రాసి కూడేయడం నా అలవాటు. (3+4)² అంటే 49. 9+16 అంటే 25. తేడా 24, అదే నేను వదిలేసిన మధ్య పదం, 2×3×4. ఎక్స్ స్క్వేర్‌కు ప్రథమ సూత్రంతో అవకలజం కడితే 2ఎక్స్ రావాలి. ఆ మధ్య పదం మరిచిపోతే సున్నా వస్తుంది.

2. భిన్నాలు మళ్లీ నేర్చుకోండి, సిగ్గుపడకుండా. మనకు ఎకరమంటే 40 గుంటలు. ఒక చెలక (మెట్ట పొలం) 3/8 ఎకరం, రెండోది 2/5 ఎకరం, రెండూ కలపాలి. గుంటల్లో చెబితే 15, 16. మొత్తం 31, అంటే 31/40 ఎకరం. 8, 5ల క.సా.గు. కూడా 40 కదా! హారాలు సమానం చేయడమంటే ఇదే. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడితే 5/13 వస్తుంది. అది 16 గుంటలు కూడా కాదు. రెండో చెలకే 16 గుంటలుంటే, రెండూ కలిపితే తగ్గుతుందా? జవాబు రాగానే ఇలా ఒకసారి అడిగి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

3. పాత పుస్తకాలు తెచ్చుకోండి. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల ప్రభుత్వ పుస్తకాలు చాలు. తమ్ముడివో చెల్లెలివో ఇంట్లోనే దొరుకుతాయి. రోజూ పొద్దున అరగంట వాటికి, మిగతా సమయం కాలేజీ పాఠానికి. పాతది పూర్తయ్యాకే కొత్తది అనుకుంటే సిలబస్ మీద పడిపోతుంది.

4. చేసిన లెక్కను పుస్తకం మూసి మళ్లీ చేయండి. సార్ బోర్డు మీద చేస్తుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. ఇంటికొచ్చి ఒంటరిగా చేస్తేనే ఎక్కడ ఆగిపోతామో తెలుస్తుంది. ఆగిన చోట చూసి, మళ్లీ మొదటి నుంచి రాయండి. మూడు రోజులాగి ఇంకోసారి.

5. మాటల నోట్‌బుక్ పెట్టుకోండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇది తప్పనిసరి. ప్రమేయం పక్కన ఫంక్షన్, మాత్రిక పక్కన మ్యాట్రిక్స్, సమాకలనం పక్కన ఇంటిగ్రేషన్. ప్రతిదాని కింద ఒక చిన్న లెక్క. ప్రశ్న భాషే తెలియక వదిలేసిన లెక్కలు నావి ఎన్నో ఉన్నాయి.